జుట్టు ఊడుతోందా, తెగుతోందా? ముందు అది తేల్చుకోండి

దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకల్లోంచి ఒకదాన్ని తీసి తెల్ల కాగితం మీద పెట్టండి. వెలుతురులో రెండు కొసలూ చూడండి. ఒక కొసన గుండుసూది మొన కంటే కొంచెం లావుగా తెల్లటి బొడిపె కనిపిస్తే అది మొదలంటా ఊడిన వెంట్రుక. బొడిపె లేకుండా రెండు కొసలూ మొండిగానో చీలిపోయో ఉంటే అది మధ్యలో తెగిన ముక్క. ఇంట్లో రెంటినీ కలిపి ‘జుట్టు రాలిపోతోంది’ అనే అంటాం. కానీ ఊడటానికి కారణం చర్మం లోపల ఉంటుంది, తెగడానికి కారణం చర్మం పైన ఉంటుంది. ఊడే జుట్టుకు నూనెలు మార్చినా, తెగే జుట్టుకు మాత్రలు మింగినా డబ్బు దండగే. ఓ ఇరవై వెంట్రుకలు ఇలా చూస్తే మీది ఏ రకం సమస్యో తేలిపోతుంది.

ఆ తెల్ల బొడిపెను చూసి కుదురే పెకిలించుకు వచ్చిందని చాలామంది భయపడతారు. అలా ఏమీ కాదు. కుదురు చర్మంలోనే ఉంటుంది. పని ముగించుకున్న వెంట్రుక అడుగు భాగం గట్టిపడి అలా బొడిపెలా తయారవుతుంది. కొన్నాళ్లకు అదే కుదురులోంచి కొత్త వెంట్రుక వస్తుంది.

చర్మం కింద జరిగేది

తల మీద సుమారు లక్ష కుదుళ్లు ఉంటాయి. ఒక్కొక్కటీ చర్మంలోకి నాలుగైదు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. ప్రాణం ఉన్నది అక్కడే. అక్కడి కణాలు శరీరంలోకెల్లా వేగంగా విభజన చెందేవాటిలో ఒకటి. అవి కెరాటిన్ అనే ప్రోటీన్‌ను నింపుకుని, చనిపోయి, గట్టిపడి పైకి తోసుకొస్తాయి. మనం దువ్వేదీ జడ వేసేదీ ఆ నిర్జీవమైన పోగునే. గోరు లాంటిదే అది. దానికి ‘పోషణ’ అందించడం ఏ షాంపూ వల్లా కాదు. ఉన్నదాన్ని పాడవకుండా కాపాడుకోవడమే మన చేతిలో ఉంది.

ప్రతి కుదురుకూ ఒక చక్రం ఉంటుంది. రెండు నుంచి ఆరేళ్ల దాకా వెంట్రుకను పెంచుతుంది, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున. తర్వాత రెండు మూడు వారాల్లో ముడుచుకుంటుంది. ఆపైన మూడు నెలలు విశ్రాంతి. ఆ విశ్రాంతి చివర పాత వెంట్రుక ఊడుతుంది. కొందరికి జడ నడుము దాటడం, ఇంకొందరికి ఎంత పెంచినా భుజాల దగ్గరే ఆగిపోవడం ఈ పెరిగే కాలం తేడా వల్లే. అది చాలావరకు వంశం నుంచి వచ్చేది.

ఈ లెక్కలోనే రోజువారీ ఊడటం గుట్టు ఉంది. ఏ సమయంలో చూసినా నూటికి పది కుదుళ్లు విశ్రాంతిలో ఉంటాయి. అంటే పది వేలు. అవి సుమారు వంద రోజుల్లో ఊడాలి కాబట్టి రోజుకు వంద దాకా పోవడం మామూలే. నాలుగు రోజులకోసారి తలంటుకునేవాళ్లకు ఆ రోజు రెండు మూడు వందలు ఒక్కసారే చేతికొస్తాయి. స్నానాల గదిలో ఉండ చూసి కంగారు పడేముందు చివరిసారి ఎప్పుడు తల తోముకున్నారో గుర్తు చేసుకోండి.

ఊడుతుంటే: మూడు నెలలు వెనక్కి వెళ్లండి

పెద్ద జ్వరమో, ఆపరేషనో, కాన్పో జరిగినప్పుడు శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది. జుట్టు లేకపోయినా బతకవచ్చు కాబట్టి ముందుగా కోత పడేది అక్కడే. చాలా కుదుళ్లు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. కానీ వెంట్రుక ఊడేది విశ్రాంతి చివరన. అందుకే డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు, జ్వరం సంగతే మరిచిపోయాక, దోసిళ్ల కొద్దీ ఊడటం మొదలవుతుంది. నింద మాత్రం ఆ వారం కొన్న కొత్త షాంపూ మీద పడుతుంది.

కాబట్టి ఊడటం ఎక్కువైన తేదీ రాసుకుని, దాని ముందు రెండు నుంచి నాలుగు నెలల్లో ఏం జరిగిందో చూడండి. జ్వరం, కాన్పు, రక్తం బాగా పోవడం, నెలలో ఏడెనిమిది కిలోలు తగ్గే డైటింగ్, కొత్తగా మొదలెట్టిన మందు. కారణం ఒకటే అయి, అది ముగిసిపోతే ఆరు నెలల్లోపు ఊడటం దానంతటదే తగ్గుతుంది. నుదుటి అంచున రెండు మూడు సెంటీమీటర్ల పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే అవి కొత్తగా వస్తున్నవే.

బాలింతలకు మూడో నాలుగో నెలలో ఇలాగే ఊడుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోను వల్ల ఊడకుండా ఆగినవన్నీ కలిసి ఊడతాయి. బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి చాలామందికి సర్దుకుంటుంది. సర్దుకోకుండా చేసేది పథ్యం. పప్పు వద్దు, కూరలు వద్దు, కారప్పొడితో తినమనే ఇళ్లలో బాలింతకు ప్రోటీనూ ఇనుమూ రెండూ తక్కువపడతాయి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి కావాలి, తక్కువ కాదు.

ఆరు నెలలు దాటినా ఆగకపోతే రక్తపరీక్షలు అవసరం. హిమోగ్లోబిన్ ఒక్కటి చూసి ఊరుకోవద్దు. ఒంట్లో ఇనుము నిల్వలు తెలిసేది ఫెరిటిన్ పరీక్షతో. హిమోగ్లోబిన్ 12 ఉండి కూడా నిల్వలు అడుగంటి ఉండవచ్చు. దానితోపాటు థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, బి12, విటమిన్ డి. నెలసరి క్రమం తప్పి, గడ్డం కింద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య గురించి కూడా వైద్యుల్ని అడగాలి. ఒక జాగ్రత్త: జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ పరీక్షనే కాదు, గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ పరీక్షను కూడా తప్పుగా చూపించగలదు. నిజానికి బయోటిన్ లోపం చాలా అరుదు. లోపం లేనివాళ్లకు దానితో జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

తిండి విషయానికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోల మహిళకు సుమారు 46 గ్రాములు. కప్పు పలచటి పప్పులో పడే కందిపప్పు 30 గ్రాములనుకుంటే అందులో ఆరేడు గ్రాములే ఉంటాయి. గుడ్డుకు ఆరు. రెండు పూటలా చారన్నం, పెరుగన్నంతో సరిపెట్టేవాళ్లకు ఈ లెక్క సగం కూడా తేలదు. ఆ సంస్థే మహిళలకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలంటోంది. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే అన్నంలో నిమ్మకాయ పిండుకోవడం, భోజనానికి గంట అటూ ఇటూ టీ, కాఫీలు మానడం తేలిక మార్గాలు. లోపం ఎక్కువగా ఉంటే తిండితో పూడదు, మాత్రలు కావాలి. అవి ఎన్నాళ్లో వైద్యులే చెప్పాలి.

‘నీళ్లు పడలేదు’

హాస్టల్‌కు వెళ్లిన పిల్లలూ, అమీర్‌పేటలో కోచింగ్‌కు చేరినవాళ్లూ రెండు నెలలకే అనే మాట ఇది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉండే మాట నిజం. అవి వెంట్రుక పైపొరకు అంటి గరుకు చేస్తాయి, చిక్కులు పెంచుతాయి, దాంతో తెగుతుంది. కానీ నాలుగు మిల్లీమీటర్ల లోతున ఉన్న కుదురును తల మీద పోసుకున్న నీళ్లు ఊడగొట్టలేవు. తెల్ల బొడిపెతో ఊడుతుంటే నీళ్లను వదిలేసి, మారిన తిండిని, తగ్గిన నిద్రను, మధ్యలో వచ్చిన జ్వరాన్ని చూడండి. తెగుతుంటే మాత్రం చివరి రెండు చెంబులు ఫిల్టరు నీళ్లు పోసుకోండి. లేదా లీటరు నీళ్లలో అర నిమ్మచెక్క పిండి, అది జుట్టు పొడవునా పోసి, నిమిషం ఆగి మామూలు నీళ్లతో కడిగేయండి. మాడు మీద పుండ్లు, గీరుడు ఉంటే నిమ్మరసం వద్దు.

తెగుతుంటే: పోగును కాపాడుకోవడం

వెంట్రుక పైన ఆరు నుంచి పది వరుసల పెంకులు ఉంటాయి, ఇంటి కప్పు మీద పెంకుల్లాగే ఒకదాని మీద ఒకటి, కొస వైపు వాలి. అవి సరిగా పరుచుకుని ఉంటే జుట్టు మెరుస్తుంది. లేస్తే గరుకెక్కుతుంది. ఊడిపోతే లోపలి నారలు బయటపడి కొస చిట్లుతుంది. నడుము దాకా, అంటే సుమారు 70 సెంటీమీటర్ల జడ ఉంటే దాని కొస ఆరేళ్ల నాటిది. వారానికి రెండు తలంట్ల లెక్కన ఆరు వందల సార్లు తడిసి ఆరినది. మాడుకు పనికొచ్చేది కొసకు పనికిరాదనడానికి ఇదే కారణం. చిట్లిన కొసను అతికించే మందు ఇప్పటిదాకా రాలేదు. మూడు నాలుగు నెలలకోసారి రెండు సెంటీమీటర్లు కత్తిరించడమే దారి. లేకపోతే చీలిక పైకి పాకుతుంది.

నూనె తలంటుకు ముందు పెట్టాలి. కొబ్బరి నూనెకు ఒక ప్రత్యేకత ఉంది. దానిలోని లారిక్ ఆమ్లం చిన్నది, తిన్నటిది కావడంతో వెంట్రుక లోపలికి ఇంకుతుంది. తడిసినప్పుడు పోగు ఉబ్బడం, ప్రోటీన్ కారిపోవడం తగ్గుతాయి. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్‌తో పోల్చి 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో ప్రోటీన్ నష్టాన్ని తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. నడుము దాకా జుట్టుకు రెండు మూడు చెంచాలు, అంటే 10 నుంచి 15 మిల్లీలీటర్లు చాలు. చెవుల కింది నుంచి కొసల దాకా రాసి అరగంట నుంచి రాత్రంతా ఉంచవచ్చు. మందారం, గుంటగలగర వేసి కాచినా ఈ పని చేసేది అందులోని కొబ్బరి నూనే. ఆముదం ఒట్టిదే రాయొద్దు. అది బంకలా పట్టుకుంటుంది. పొడుగు జుట్టంతా ఉండకట్టి కత్తిరించాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. మాడు మీద గోళ్లతో రుద్దడం వల్ల పెరగడం మాట అటుంచి, గాట్లు పడతాయి. వేలికొసలతో నెమ్మదిగా చాలు.

కుంకుడు రసానికి మంచి గుణాలున్నాయి. అందులో నురగ తెచ్చేది సాపోనిన్. ఒంటి సబ్బులా బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డిగా పేరుకోదు. ఒంటి సబ్బుకు క్షార గుణం ఎక్కువ, దానితో పెంకులు లేస్తాయి. తలకు సబ్బు రుద్దే అలవాటు మగవాళ్లలో ఇంకా ఉంది. అదొక్కటి మానేసినా తేడా తెలుస్తుంది. పొడుగు జుట్టుకు 12 నుంచి 15 కుంకుడుకాయలు రాతి మీద కొట్టి, నల్లగింజలు తీసేసి, అర లీటరు వేడి నీళ్లలో గంట నానబెట్టండి. చేత్తో పిసికి, పలచటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే తొక్కల నలుసులు జుట్టులో చిక్కుకుని, వాటిని లాగడంతోనే సగం తెగుతుంది. కళ్లలో పడితే బాగా మంట, పిల్లలకు తల వెనక్కి వంచి పోయండి. మిగిలిన రసాన్ని దాచొద్దు. మర్నాటికి పులిసి వాసన వస్తుంది. మరీ చిక్కగా తీస్తే నూనెతోపాటు జుట్టు మీద సహజంగా ఉండే జిడ్డునూ లాగేసి పీచులా చేస్తుంది.

షాంపూ అయితే పొడుగు జుట్టుకు రెండు చెంచాలు, మగ్గులో నీళ్లతో కలిపి మాడు మీదే రుద్దండి. కిందికి జారే నురగ కొసలకు చాలు. జుట్టంతా నెత్తి మీద కుప్పగా పోసి బట్టలు పిండినట్టు నలపడం వల్లే చిక్కులు పడతాయి. కండిషనర్‌ది దీనికి సరిగ్గా తిరగేసిన పద్ధతి. చెవుల కింది నుంచి కొసలకు మాత్రమే రాయాలి, రెండు నిమిషాలుంచి కడగాలి. పాడైన వెంట్రుక మీద రుణ విద్యుదావేశం ఎక్కువ, కండిషనర్‌లోని పదార్థానికి ధనావేశం. అందుకే దెబ్బతిన్న చోటే ఎక్కువ అంటుకుంటుంది.

తడి జుట్టు ఎక్కువ సాగుతుంది, బలం తక్కువ. పొడి టవల్‌తో అద్దండి, రాపిడి వద్దు. కొంచెం తేమ ఉండగా వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలెట్టి పైకి రండి. పైనుంచి కిందికి లాగితే చిక్కులన్నీ ఒకే చోటికి చేరి ముడిపడతాయి. పేలదువ్వెన పేలకే, రోజూ దువ్వడానికి కాదు. తడి జుట్టుకు గట్టిగా జడ వేస్తే లోపల గంటల తరబడి ఆరదు, పోగు ఉబ్బే ఉంటుంది. డ్రయ్యర్ వాడితే జానెడు దూరంలో, ఒకచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. తడి జుట్టుకు స్ట్రెయిటనర్ అసలు పెట్టొద్దు. లోపలి నీరు ఆవిరై పోగులోనే బుడగలు పడతాయి, ఆ చోట చిటుక్కున విరుగుతుంది. సాంబ్రాణి పొగతో ఆరబెట్టడం పెద్దవాళ్ల ఇష్టం. పసిపిల్లలకు మాత్రం ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

రోజూ పాపిడి దగ్గర తలనొప్పి వచ్చేంత బిగువుగా జడ వేసినా, బరువైన సవరం తగిలించినా నుదుటి అంచు, చెవుల ముందు జుట్టు పలచబడుతుంది. మొదట్లో మానేస్తే తిరిగొస్తుంది. ఏళ్ల తరబడి లాగితే ఆ కుదుళ్లు శాశ్వతంగా మూసుకుపోతాయి.

చుండ్రు, బట్టతల, గుండు

చుండ్రు పొడి చర్మం వల్ల వస్తుందనుకుని నూనె దట్టంగా పట్టించడం మన ఇళ్లలో జరిగే మొదటి తప్పు. దానికి మూలం మలాసీజియా అనే ఫంగస్. అది బతికేదే జిడ్డు మీద. నూనె పెడితే పొట్టు అప్పటికి అణిగినట్టు కనిపిస్తుంది, ఫంగస్‌కు మాత్రం విందు. 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. తడి మాడుకు పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి కడగాలి. వెంటనే కడిగేస్తే మందు పనిచేయదు. చాలామందికి ‘పడలేదు’ అనిపించేది ఇందుకే. తగ్గాక రెండు వారాలకోసారి వాడుతూ ఉండాలి, ఎందుకంటే ఆ ఫంగస్ చర్మం మీద ఎప్పుడూ ఉండేదే.

మగవాళ్లకు నుదుటి మూలలు వెనక్కి పోవడం, నడినెత్తి పలచబడటం, ఆడవాళ్లకు పాపిడి వెడల్పవడం వేరే కథ. ఇక్కడ ఊడటం కంటే సన్నబడటం ముఖ్యం. మగవాళ్లలో డీహెచ్‌టీ అనే హార్మోను ప్రభావంతో ఒక్కో చక్రానికీ కుదురు కుంచించుకుపోయి నూగులాంటి వెంట్రుకే ఇస్తుంది. తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ కూడా ఇది రావచ్చు. పనిచేసే మందుల్లో మొదటిది మినాక్సిడిల్. మగవాళ్లకు 5 శాతం ద్రావణం ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండుసార్లు, పొడి మాడు మీద. మొదటి రెండు నెలల్లో ఊడటం పెరగవచ్చు. విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకలను కొత్తవి తోసేయడం అది. చాలామంది అక్కడే భయపడి సీసా పక్కన పడేస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మానేస్తే కొద్ది నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే అది మీ తల నాకకుండా, దిండు మీద పడుకోకుండా చూసుకోండి, ఈ మందు పిల్లులకు విషం. మగవాళ్లకిచ్చే ఫినాస్టిరైడ్ మాత్రలు వైద్యుల సలహా లేకుండా వద్దు.

తిరుమలలో తలనీలాలు సమర్పించడం మొక్కు. అది భక్తి సంగతి. గుండు గీయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది మాత్రం కంటి భ్రమ. కత్తి చర్మం పైనే ఆగుతుంది, లోపలి కుదుళ్ల సంఖ్య మారదు. సహజంగా సన్నగా సాగే కొస పోయి మొండి కొస పైకి రావడంతో చేతికి మందంగా తగులుతుంది, అంతే. పిల్లల విషయంలో వయసుతోపాటు వెంట్రుక ఎలాగూ మందమవుతుంది, ఆ ఖ్యాతి గుండుకు దక్కుతుంది.

రంగు వేసేవాళ్లకు

గోరింటాకు ఒక్కటే అయితే ఎరుపు, నారింజ రంగులే వస్తాయి, అదీ రెండు మూడు గంటలు ఉంచితే. పది నిమిషాల్లో కారునలుపు ఇచ్చే ‘బ్లాక్ హెన్నా’ పొట్లంలో సాధారణంగా పీపీడీ అనే రసాయనం ఉంటుంది. దాని వల్ల కొందరికి నుదురు, కనురెప్పలు వాచి నీళ్లు కారతాయి. పొట్లం వెనక చదివి, ప్రతిసారీ 48 గంటల ముందు చెవి వెనక చుక్క రాసి చూడండి. ఇన్నాళ్లూ పడింది కదా అనుకోవద్దు, అలర్జీ ఎప్పుడైనా మొదలవ్వవచ్చు. పాతికేళ్లలోపే నెరుస్తుంటే రంగుకు ముందు బి12, థైరాయిడ్ చూపించుకోండి.

పేనుకొరుకుడు

రూపాయి బిళ్లంత మేర నున్నగా, నొప్పి లేకుండా జుట్టు పోతే పేను కొరికిందంటారు. పేనుకు ఇందులో సంబంధమే లేదు. ఒంటి రక్షణ వ్యవస్థ పొరపాటున కుదుళ్ల మీద దాడి చేస్తుంది. కుదురు చావదు కాబట్టి ఒకటి రెండు మచ్చలుంటే ఏడాదిలోపు వాటంతటవే పూడటం తరచూ చూస్తాం. త్వరగా కావాలంటే చర్మవ్యాధుల వైద్యులు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మచ్చలోనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. గురివింద గింజ అరగదీసి రాయడం ప్రమాదం. అది విషపు గింజ, పుండు పడి మచ్చ గట్టిపడితే అక్కడ ఇక వెంట్రుక రాదు.

బడిపిల్లల్లో ఇలాంటి మచ్చ నున్నగా కాకుండా పొట్టు రాలుతూ, దురదగా, తెగిన వెంట్రుకల నల్లచుక్కలతో ఉంటే అది పేనుకొరుకుడు కాదు, తలకు పట్టిన తామర. పై పూతలు కుదురు లోపలికి చేరవు. కడుపులోకి మందు కావాలి, వారాల తరబడి. ఆ పిల్ల దువ్వెన, తువ్వాలు, దిండు గలేబు వేరుగా ఉంచి, ఇంట్లో మిగతా పిల్లల తలలు కూడా అదే రోజు చూపించండి.